ఒకే లోయలో నాలుగుసార్లు పడిన బండి

రియాద్‌లో, మలాజ్ పేటలో, ఒక ఏసీ గదిలో కూర్చుని ఒకే గుర్రపు బండి ఒకే లోయలో నాలుగుసార్లు పడటం చూశాను. నాలుగూ వేరువేరు సినిమాలు. మొదటిసారి పడ్డప్పుడు జాలిపడ్డాను. రెండోసారి ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. మూడోసారికి ఆ బండి తోలేవాడి మీద నమ్మకం పోయింది. నాలుగోసారి పడ్డప్పుడు ఇందులో ఎవరిదో తప్పుందని తేల్చాను. ఆ తప్పు ఎవరిదో కూడా నేనే తేల్చి, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ముందే చెబుతున్నాను: జాలిపడటం వల్ల, అనుమానించడం వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. సంతకం దగ్గరే కొంచెం ఆగండి.

నేను కరీంనగర్‌లో బీయెస్సీ చదివి, ఆ చదువుతో ఏమీ జరగదని తెలిశాక టీవీలు బాగుచేయడం నేర్చుకుని సౌదీ వెళ్ళినవాణ్ణి. తబూక్‌లో, తరవాత రాబిగ్‌లో, కంపెనీ క్యాంపుల్లో టీవీలూ వీడియో ప్లేయర్లూ డిష్‌లూ చూసుకున్నాను. నేను బాగుచేయగలిగిన వస్తువులన్నీ ఒక్కొక్కటే లోకం మీద నుంచి మాయమవుతూ వచ్చాయి. చివరికి నన్ను పాత వస్తువులుండే చోటికే పంపారు. మలాజ్‌లో పాత క్యాసెట్లనూ ఫిల్ములనూ కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న కంపెనీ అది. ఉద్యోగంలో ఆఖరి రెండేళ్ళు అక్కడే గడిచాయి.

అందులో తెలుగువాళ్ళం ముగ్గురం. ముగ్గురివీ మూడు తెలుగులు. మేనేజరు గుంటూరు వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న, నన్ను "మాస్టారూ" అనేవాడు. ఫిల్ము శుభ్రం చేసేది కడప నుంచి వచ్చిన ఒక భాయ్. ఇరవయ్యేళ్ళు డ్రైవరుగా చేసి, నడుం నొప్పి వచ్చాక ఈ పనిలో చేరాడు. ఫిల్మును మెత్తటి గుడ్డతో తుడవడం పిల్లాడికి మొహం కడిగినంత ఓపికగా చేసేవాడు. నేను స్కానర్ మీద కూర్చునేవాణ్ణి.

ఒక రోజు వ్యాను నిండా రేకు డబ్బాలు వచ్చాయి. మూత తీస్తే సిర్కా వాసన, వెనిగర్‌లా పుల్లగా. పాత ఫిల్ము పాడవడం మొదలుపెడితే ఆ వాసనే వస్తుంది. ఆ డబ్బాలు మలాజ్‌లోనే ఉండే ఒక సౌదీ పెద్దాయనవి. ఆ దేశంలో చాలా ఏళ్ళు సినిమా హాళ్ళు లేవని మీకు తెలిసే ఉంటుంది. అంతకు ముందు జనం సినిమాలు ఇళ్ళ ముంగిళ్ళలో చూసేవారు. నాలుగు గోడల మధ్య ఖాళీ జాగాను అక్కడ హోష్ అంటారు. ఒక గోడకు సున్నం కొట్టి, ప్రొజెక్టరు అద్దెకు తెచ్చుకునేవారు. ఆ ప్రొజెక్టరూ రీళ్ళూ అద్దెకిచ్చి, తానే వెళ్ళి ఆడించినవాడు ఈ పెద్దాయన. సినిమాలు ఇంగ్లీషువి, చూసేవాళ్ళు అరబ్బులు. అందుకని ఈయన మిషను పక్కన నిలబడి కథంతా అరబ్బీలో చెప్పేవాడు. ఆ ఆటలు ఆగిపోయాక రీళ్ళన్నీ ఇంట్లో ఒక గదిలో పెట్టి తాళం వేశాడు. ఇంట్లో అందరికంటే ముందు ఏసీ వచ్చింది ఆ గదికేనట.

ఇప్పుడు హాళ్ళు మళ్ళీ వచ్చాయి కదా, ఒక ప్రదర్శనశాల వాళ్ళు ఆ పాత రోజుల మీద ఎగ్జిబిషన్ పెడుతున్నారు. పెద్దాయన రీళ్ళన్నీ ఊరికే ఇచ్చేశాడు. అడిగింది రెండే. గుమ్మం దగ్గర బోర్డు మీద, ఈ సినిమాలు ఆడించింది ఫలానా అని తన పేరుండాలి. మొదటి రోజు తానే నిలబడి కథ చెప్పాలి. వాళ్ళు సరేనన్నారు. ఆయన కొత్త తోబు, అంటే అక్కడివాళ్ళు వేసుకునే పొడుగు అంగీ, కుట్టించుకున్నాడని డబ్బాలు తెచ్చిన వ్యాను డ్రైవరు మాకు చెప్పాడు.

ఆ డబ్బాల్లో ఎక్కువ భాగం కౌబాయ్ సినిమాలు. పెద్ద పేరున్నవి కావు. హాలీవుడ్‌లో స్టూడియోల రాజ్యం నడిచిన కాలంలో, పెద్ద సినిమాకు ముందు వేయడానికి వారానికొకటి చొప్పున తీసిపారేసినవి. ఒక్కోటి గంట. హీరో టోపీ కొట్లాటలో కూడా కిందపడదు. ఆరు తూటాల పిస్తోలు పది మందిని కాలుస్తుంది. ఊరు ఎప్పుడూ అదే ఊరు, బ్యాంకు బోర్డు మారుస్తారు. ఊరి బయట ఒక పెద్ద బండరాయి, ఏ సినిమాలోనైనా దొంగలు దాని వెనకే దాక్కుంటారు. హీరో మాత్రం ప్రతి సినిమాలోనూ దాన్ని కొత్తగా చూసినట్టు చూస్తాడు.

నన్ను ఇవి విచిత్రంగా పట్టుకున్నాయి. కొన్నాళ్ళకు కథ చూడటం మానేసి మనుషులను చూడటం మొదలుపెట్టాను. బక్కపల్చటి మీసాలాయన ఒకడు ఉన్నాడు, ప్రతి సినిమాలో చావడమే ఆయన పని.

"ఏందన్నా ఇది," అన్నాడు కడప భాయ్ ఒక మధ్యాహ్నం, నా వెనక నిలబడి. "ఈయప్ప పొద్దున సచ్చిపాయ గదా! మళ్ళా కుచ్చోని తాగుతాండాడే!"

"అది వేరే సిన్మ భాయ్."

"సినిమా మారితే మారనీలే. అంగీ అన్నా మార్చుకోవల్ల గదా!"

అలాంటి రోజుల్లోనే బండి పడటం మొదలైంది. నాలుగు గుర్రాల బండి, వెనక దుమ్ము, అంచు మలుపు, ఒక చక్రం ఊడటం, లోయలోకి దొర్లడం. నాలుగు సినిమాల్లో అదే పరుగు, అదే దుమ్ము. ఒక సినిమాలో అన్నీ సరిపోయాయి. మిగతా మూడింట్లో సరిపోలేదు. వెంటపడే హీరోను దగ్గర నుంచి చూపించినప్పుడు గుర్రానికి నుదుట తెల్ల మచ్చ ఉంది. దూరం నుంచి చూపించినప్పుడు లేదు. చొక్కా దగ్గరగా నలుపు, దూరంగా తెలుపు. ఊరు అదే అయినా, రాయి అదే అయినా, చచ్చేవాడు వాడే అయినా నోరు మూసుకున్నవాణ్ణి, గుర్రం మచ్చ దగ్గర నాలోని బీయెస్సీ నిద్రలేచింది. మొదటి సినిమా అసలుది. మిగతా మూడింట్లో ఆ ముక్క ఎవరో తెచ్చి అతికించారు. అతికించే అవకాశం ఉన్నది ఒక్కరికే: ఇన్నేళ్ళూ వాటిని ఆడించిన పెద్దాయనకు. జనానికి బండి పడటం నచ్చింది, ఈయన అన్నింట్లోనూ పడేశాడు. లెక్క తేలిపోయింది.

భాయ్‌కి చూపించాను. గుడ్డ మడత పెడుతూ విన్నాడు.

"అన్నా, ఒక మాట అడగనా? మూడు సినిమాల్లో అతికియ్యాలంటే మూడు ముక్కలుండాల గదా. మొదటి దాంట్లో ముక్క దాంట్లోనే ఉంది. మిగిలిన మూడూ ఆయప్పకు యాడ్నుంచి వచ్చినాయి?"

"ఇంకా కాపీలుండొచ్చు భాయ్. కిరాయికి తిప్పెటాయనకు కాపీలు కరువా?"

"ఉండొచ్చులే. బీయెస్సీ చదివింది నువ్వు."

ఆ ప్రశ్న దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. నాకు తెలిసింది మాత్రం, కడపవాళ్ళకు వెటకారం ఎక్కువని. మూడు సినిమాల ఫైళ్ళలో నుంచి బండి పరుగును కత్తిరించాను. ఆ తరవాత ఒక సినిమాలో బండి ఎక్కిన మనుషులు మరుక్షణంలో సమాధుల్లో ఉన్నారు, చుట్టూ జనం ఏడుస్తున్నారు. చవక సినిమాలు కదా, ఇలాగే దూకుతాయి అనుకున్నాను. ప్రదర్శనశాల వాళ్ళు రీళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో రాసివ్వమన్నారు. ఒకటిన్నర పేజీ రాశాను. "ఆడించిన వ్యక్తి వేరే సినిమా ముక్కలను అతికించి అసలు ప్రతులను చెడగొట్టారు, మేము సరిచేశాము" అని. ఇంగ్లీషు బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

వారం తరవాత మేనేజరు టీ కప్పుతో వచ్చాడు.

"మాస్టారూ, మీ రిపోర్ట్ అదిరిపోయిందండీ. వాళ్ళు చాలా సీరియస్‌గా తీసుకున్నారు. బోర్డులో ఆ ముసలాయన పేరు తీసేస్తున్నారంట. 'ఒక ప్రైవేటు సేకరణ నుంచి' అని పెడతారంట. ఓపెనింగ్‌లో స్టోరీ చెప్పే ప్రోగ్రాం కూడా క్యాన్సిల్."

"గంత దూరం ఎందుకు సార్?" అన్నాను.

"మరి సినిమాలు పాడుచేసినాయన్ని స్టేజీ ఎక్కిస్తే బాగోదు కదండీ."

అయినా అప్పటికీ నేను తప్పు చేశానని అనుకోలేదు. నిజం రాశాను, ఫలితం కొంచెం మోటుగా ఉంది, అంతే అనుకున్నాను.

ప్రారంభానికి నాలుగు రోజులుందనగా పెద్దాయన వచ్చాడు. మేనేజరు జెడ్డా వెళ్ళాడు. గదిలో భాయ్, నేను. పెద్దాయన ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గహ్వా అనే అరబ్బీ కాఫీ ఫ్లాస్కు, జేబులో ఖర్జూరాల పొట్లం. అరుస్తాడని సిద్ధంగా ఉన్నాను. ఆయన ముందు మా ఇద్దరికీ చిన్న కప్పుల్లో గహ్వా పోశాడు. రెండో కప్పు కూడా పోశాక అడిగాడు. ఆయన అరబ్బీని నా తెలుగులో రాస్తున్నాను, సదీక్ అంటే మిత్రమా అని.

"సదీక్, నేను కత్తిరించి అతికించానని రాసింది నువ్వేనా?"

"నేనే, యా అమ్మీ," అన్నాను. అక్కడ పెద్దవాళ్ళను బాబాయ్ అన్నట్టు అలా పిలుస్తాం.

"మంచిది. ఎక్కడ అతికించానో చూపించు."

కంప్యూటర్ తెర మీద చూపించబోయాను. ఆయన తెర వైపు కూడా తిరగలేదు.

"అది కాదు. రీలు ఇవ్వు."

భాయ్ నా వైపు చూసి రీలు తెచ్చి తిప్పే బల్ల మీద ఎక్కించాడు. మా కంపెనీ పద్ధతి ప్రకారం పెద్దాయనకు తెల్ల గ్లౌజులు ఇచ్చాను. వాటిని తీసుకుని, మర్యాదగా మడిచి, ఖర్జూరాల పొట్లం పక్కన పెట్టాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఫిల్ము అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, భాయ్‌ను తిప్పమన్నాడు. ఫిల్ము ఆయన వేళ్ళ మధ్య నుంచి సన్నటి చప్పుడుతో పోతూ ఉంది.

"ఆగు. ఇది నాది," అన్నాడు. నేను వంగి చూశాను. అతుకు. "మిషను పళ్ళు అరిగిన రోజుల్లో తెగింది. తిప్పు." కొంచెం సేపటికి, "ఇదీ నాదే. ఇది మా తమ్ముడు తొక్కాడు." ఇంకొంచెం సేపటికి మూడోది. మూడూ బొమ్మ తెగిన చోట రెండు కొసలు కలిపినవి. ఇంకెక్కడా ఆపమనలేదు. రీలు అయిపోయింది.

"ఇప్పుడు బండి పడే చోటు నువ్వు పట్టుకో."

నేను గ్లౌజుతో పట్టుకున్నాను. ఆయన నా చేతి వైపు చూశాడు. గ్లౌజు తీసేశాను. బండి పరుగు మొదలయ్యే చోటు నుంచి, లోయలో దుమ్ము అణిగే దాకా ఫిల్ము అంచు నా వేళ్ళ మధ్య నుంచి పోయింది. నున్నగా ఉంది. గుర్రం మచ్చ మాయమయ్యే చోట నున్నగా ఉంది, మళ్ళీ కనబడే చోటా నున్నగా ఉంది. మిగతా రెండు సినిమాలూ అలాగే. ముప్పై ఏళ్ళకు పైగా యంత్రాలు బాగుచేసినవాణ్ణి, వాటిలో సగం చేత్తో తడిమి కనిపెట్టినవాణ్ణి, ఇక్కడ గ్లౌజులు వేసుకుని తెర చూసి తీర్పు చెప్పాను.

"అయితే ఎవరు అతికించిన్రు?" అన్నాను, తెలుగులోనే, ఎవరినీ ఉద్దేశించకుండా.

పెద్దాయనకు నా ముఖం అర్థమైంది. "తీసినవాళ్ళే," అన్నాడు. "వాళ్ళూ మనలాంటి వాళ్ళే. బండిని ఒకసారి పడేశారు. రెండో బండి కొనలేదు. ఆ ముక్కనే ఎన్ని సినిమాల్లో కావాలంటే అన్నిట్లో కలిపి, ఆ తరవాత ఈ ప్రతులు అచ్చువేసి అమ్మారు. అతుకు వాళ్ళ అసలు ఫిల్ములో ఉంటుంది, అచ్చులో ఎందుకుంటుంది?"

"మీకు అప్పుడే తెలుసా?"

ఆయన మొదటిసారి నవ్వాడు. "మా హోష్‌లో కూర్చున్నది ఎవరనుకున్నావు? గుర్రాల మధ్య పుట్టినవాళ్ళు. గుర్రం మారిందని రెండో సినిమాకే పట్టేశారు. మూడో సినిమాలో బండి కనబడగానే 'దిగండి, దిగండి, పడబోతోంది' అని లోపలివాళ్ళకు అరిచేవాళ్ళు. నేనేమో, ఇది ఆ బండి కాదు, దాని తమ్ముడు అని కథ మార్చి చెప్పేవాణ్ణి."

భాయ్ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన ఖాళీ కప్పులు ఏరుకుని, "నేను ఇంటికి వెళ్తాను. నువ్వు ఏం రాయాలో నీకు తెలుసు," అన్నాడు. బతిమాలడానికి రాలేదు ఆయన.

మర్నాడు జెడ్డా నుంచి రాగానే మేనేజరుతో చెప్పాను.

"అయ్యో మాస్టారూ! ఇప్పుడు మనం తప్పు రాశామని మెయిల్ పెడితే ఇంకేమైనా ఉందా అండీ? రేప్పొద్దున్న ప్రతి రిపోర్టూ చెక్ చేస్తామంటారు. ఆ పెద్దాయనకి మనమే ఒక స్వీట్ బాక్స్ పట్టుకెళ్ళి సారీ చెప్పేద్దాం. క్లోజ్."

"మరి బోర్డు మీద పేరు సార్?"

"ప్రింటింగ్‌కి వెళ్ళిపోయుంటదండీ. అయినా మీకు నెక్స్ట్ మంత్ ఫైనల్ ఎగ్జిట్. హాయిగా వెళ్ళకుండా ఈ గోలెందుకు చెప్పండి?"

"ఆయన కత్తిరించిండని రాసిన సార్. ఆయన కత్తిరించలే. ఆ మూడు సిన్మలను కత్తిరించింది నేను. ఇది పెట్టుకొని హాయి ఎట్లుంటది?"

మేనేజరు చెడ్డవాడు కాదు. అక్కడ ఉండటానికిచ్చే ఇకామా ఇంకా చాలా ఏళ్ళు నడవాల్సినవాడు. "సరే, మీ పేరు మీద పెట్టుకోండి. కంపెనీ అని మాత్రం రాయకండి," అన్నాడు. అలాగే పెట్టాను. తప్పుకు ఒకటిన్నర పేజీ పట్టింది, దిద్దుబాటుకు మూడు వాక్యాలు సరిపోయాయి. అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా దాచే అలవాటు ఉండబట్టి, భాయ్, నేను కలిసి బండిని మళ్ళీ మూడు సినిమాల్లోనూ ఎక్కించాం.

"ఈసారైనా పడకుండా సూస్కో అన్నా," అన్నాడు భాయ్.

ప్రదర్శనశాల చూసుకునేది ముప్పై దాటని ఒక సౌదీ యువతి. మేము మేడమ్ అన్నట్టు ఉస్తాదా అనేవాళ్ళం. నా మెయిల్ చూసి ఆ సాయంత్రమే వచ్చింది. కోపం లేదు, కానీ నమ్మకమూ లేదు.

"పోయిన వారం ఆయన కత్తిరించాడని రాశారు. ఈ వారం లేదంటున్నారు. వచ్చే వారం ఏమంటారు?" అని ఇంగ్లీషులో అడిగింది. ప్రశ్న న్యాయమైనదే.

నేను వాదించలేదు. రీలు ఎక్కించి, చెయ్యి ఎలా పెట్టాలో చూపించాను. ఆమె ఉంగరాలు తీసి బల్ల మీద పెట్టింది. మొదటి అతుకు దగ్గర ఆమె వేలు దానంతటదే ఆగింది. "ఇక్కడ ఏదో ఉంది." రెండోది, మూడోది. బండి మొత్తం పడిపోయింది, ఆమె వేలు ఆగలేదు. వెనక్కి తిప్పించి మళ్ళీ చూసింది. తరవాత కుర్చీ లాక్కుని, నాలుగు సినిమాల్లోనూ ఆ పరుగు చూపించమంది. తెల్ల మచ్చ మాయమైన చోట "ఓ!" అని చిన్నపిల్లలా అరిచింది. ఇంత చవగ్గా తీసినవాళ్ళు ఎవరు, ఆ లోయ ఎక్కడుంది, బండి తోలినవాడికి దెబ్బలు తగిలాయా అని నన్ను అడిగింది. ఈసారి తెలియదనే చెప్పాను.

ఆమె అక్కడి నుంచే పెద్దాయనకు ఫోను చేసింది. ఇల్లు రెండు వీధుల అవతలే. పావుగంటలో వచ్చాడు, కొత్త తోబులో. ఉస్తాదా లేచి నిలబడి, ప్రారంభం రోజు కథ ఆయనే చెప్పాలనీ, బోర్డు అచ్చు ఆపించాననీ చెప్పింది. ఫోనులో కొత్తగా రాసింది చదివి వినిపించింది. ఆయన పేరు, ఈ సినిమాలను ఆడించి, చెప్పి, కాపాడినవారు అని. ప్రతులు ఏ మార్పూ లేకుండా ఉన్నాయని ఆఖరి వాక్యం.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ చివరిది తప్పు. ఈ రీల్లో మూడు అతుకులు నావి. ఎక్కడెక్కడో కూడా రాయి."

"బోర్డు మీద అలాంటివి రాయరండీ," అన్నాడు మేనేజరు, గుమ్మంలో నుంచి, మొదట తెలుగులో, తరవాత తేరుకుని అరబ్బీలో.

"రాయకపోతే," అన్నాడు పెద్దాయన, "రేపు ఇంకొకడు వస్తాడు. గ్లౌజులు తీసి, వేలు పెట్టి, మూడూ పట్టుకుని, నేను దాచానని రాస్తాడు. సంతకం కూడా పెడతాడు."

ఎవరి వైపూ చూడకుండానే అన్నాడు. ఉస్తాదా ఆఖరి వాక్యం కొట్టేసి, మూడు అతుకుల సంగతీ, అవి పడ్డ చోట్లూ నన్ను అడిగి రాసుకుంది, అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.